కత్తి తాకిన మోకు

2017వ సంవత్సరం, తొలకరి రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచి నిలబడ్డాయి గాని రైలు ఇంకా రాలేదు. అప్పుడు మా చెట్ల పని సంస్థ దిల్‌సుఖ్‌నగర్‌లో, పుస్తకాల దుకాణాల వెనుక సందులో, ఒక కిరాయి షట్టర్‌లో నడిచేది. సంస్థ అనడం కొంచెం ఎక్కువే. ఒక ట్రాలీ ఆటో, చెయిన్‌సాలనే గొలుసు రంపం మిషన్లు రెండు, నాలుగు రకాల తాళ్లు, మనుషులం ముగ్గురం. చెట్టు ఎక్కేవాడు యాదయ్య. కింద నిలబడి తాళ్లు చూసేవాడు సలీం. పని ఒప్పుకొని, చెట్టును పరీక్షించి, ఎక్కడ కోయాలో ఎలా దించాలో నిర్ణయించేవాణ్ని నేను. ఇళ్ల మీదికి, కరెంటు తీగల మీదికి ఒరిగిన చెట్లను పైనుంచి ముక్కలు ముక్కలుగా కోసి దించడం మా వృత్తి.

ఇప్పుడు పని మానేసి నాగోల్‌లో ఉంటున్నాను. మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుంటే వారానికోసారైనా ఎక్కడో ఒకచోట చెయిన్‌సా చప్పుడు వినబడుతుంది. లేచి చూస్తాను. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చెట్టు మీది కుర్రాళ్ల కాళ్లకు రబ్బరు చెప్పులు, నెత్తిన టోపీ లేదు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో మిషన్ ఝళిపిస్తుంటారు. కింద ఒకడు నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. వాడు నిలబడ్డ చోటే కొమ్మ పడాల్సిన చోటు. ఇదేమిటని అడిగితే, "మస్తు సార్లు జేసినం అంకుల్" అంటారు. చాలాసార్లు చేయడం వేరు, సరిగా చేయడం వేరు. పనిలో ఉన్న అన్నేళ్లూ ప్రతి చెట్టు గురించి పుస్తకంలో రాసుకున్నాను: ఏ జాతి చెట్టు, ఎటు ఒరిగింది, గాలి ఎటు నుంచి, పైన ఎవరు, కింద తాడు ఎవరి చేతిలో. ఆ అలవాటు ఉన్నవాడిగా, ఈ పని గురించి తెలుసుకోవాలనుకునే వారికి ఒక్క చెట్టు కథ చెబుతాను.

ముందు మోకు సంగతి చెప్పాలి. నేనూ యాదయ్యా నల్గొండ జిల్లాలో ఒకే ఊరి వాళ్లం, ఇద్దరివీ కల్లు గీసే కుటుంబాలు. వరుసకు అతను నాకు బావమరిది. తాడిచెట్టు ఎక్కేవాడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే దళసరి పట్టెను మోకు అంటారు. దాని మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి, గెలను గీస్తాడు. ఒక్కటే తాడు. దాని మీదే మనిషి బతుకు. అందుకే మా ఊళ్లో మోకును దాటేవారు కాదు, కాలు తగిలితే కళ్లకద్దుకునేవారు. పాతబడితే పారేసేవారు కాదు, చూరుకు వేలాడదీసేవారు. అన్నిటికన్నా పెద్ద కట్టు, అంటే నియమం, ఒకటుండేది: మోకుకు కత్తి తాకరాదు. తాకితే ఆ మనిషి ఇక చెట్టెక్కడు. నడుముకున్న కత్తుల సంచిని మోకుకు ఎదురు పక్కన కట్టుకోవడం కూడా అందుకే.

నా చిన్నతనంలో పొద్దున్నే మా నాయన మోకు భుజాన వేసుకుని వనం వైపు నడుస్తుంటే నేను వెంట వెళ్లేవాణ్ని. మంచు ఇంకా విడవని తాటివనంలో, ఒకరి చెట్టు మీది నుంచి ఇంకొకరిని కేకేసి పలకరించుకునేవారు. అందరూ ఆకాశంలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుండేది. యాదయ్య నాయన రామస్వామి గొంతు అందులో అందరికన్నా పెద్దది. ఒక వానాకాలం ఆయన తడిసిన చెట్టు మీద జారి, మోకులోంచి కిందికి దూసుకుపోయి పడ్డాడు. మనిషి అక్కడే పోయాడు. నేను అప్పటికి యువకుణ్ని. పరుగెత్తిన వాళ్లలో ఒకణ్ని. చెట్టు మొదట్లో పడి ఉన్న మోకును ఎవరో తీసి చూసి, "పోగు గూడ తెగలే" అన్నారు. దాన్ని భద్రంగా యాదయ్య ఇంటికి చేర్చారు. ఆ మోకునే యాదయ్య నగరానికి తెచ్చుకున్నాడు.

మా పనిలో పద్ధతి వేరు. చెయిన్‌సా చేతిలో ఉన్నప్పుడు చెట్టు మీద మనిషిని రెండు తాళ్లు పట్టి ఉంచాలి. ఒకటి నడుము నుంచి కాండాన్ని చుట్టి మళ్లీ నడుముకే చేరే పొట్టి తాడు, దాన్ని లాన్‌యార్డ్ అంటారు. మిషన్ పొరపాటున తగిలినా వెంటనే తెగకుండా దాని లోపల ఉక్కు తీగ ఉంటుంది. రెండోది ఎక్కినవాడి వీపు నుంచి పైన ఇంకొక గట్టి కొమ్మ మీదుగానో కాండం మీదుగానో వెళ్లి, కిందివాడి చేతిలో ఉండే పొడుగు తాడు. ఒకటి పోతే ఒకటి ఉంటుంది. మిషన్‌ను నేల మీదే స్టార్ట్ చేసి, వేడెక్కించి, చెయిన్ బ్రేక్ వేసి పైకి పంపాలి. చెయిన్ బ్రేక్ అంటే ముందు పిడి మీదుండే రక్షణ కవచం. దాన్ని ముందుకు తోస్తే గొలుసు ఆగిపోతుంది. కోత అయ్యాక అది వేయకుండా ఒక్క అడుగు కూడా కదలరాదు. రెండు చేతులతో పట్టుకోవాలి, భుజం ఎత్తుకు మించి కోయరాదు. తొడకు ఒక చేతిరంపం తప్పనిసరిగా ఉండాలి.

యాదయ్య ఇవన్నీ నేర్చాడు, ఒక్కటి తప్ప. లాన్‌యార్డ్ కొని తెచ్చి ఇస్తే ముట్టుకోలేదు.

"గా ఇనుప తాడు నీ నడుంకే కట్టుకో బావా. నాకు మా నాయిన మోకుంది."

"మోకుంటే ఉండనీ. రెండో తాడు లేకుండ మాత్రం మిషన్ ముట్టొద్దు."

"నడుంకొకటి, వీపుకొకటి. నన్ను బర్రెను జేస్తున్నవ్ గద."

"బర్రెకు ఒక్కటే తాడుంటది. నీకు రెండు. ఇజ్జత్ పెరిగింది."

సలీం పకపకా నవ్వేవాడు. "యాదన్నా, జర సార్ మాట ఇను. నువ్వు పడితే ఎత్తాల్సింది నేనే. నువ్వు చూడబోతే బస్తా లెక్కున్నవ్."

చివరికి రాజీ కుదిరింది. మొదటి తాడుగా మోకు, దానితోపాటు రెండో తాడు. కట్టుకునేటప్పుడు ప్రతిసారీ ఒక సణుగుడు. "మా తాత ఒక్క మోకుతోని ముసలోడైండు బావా" అనేవాడు. "మీ తాత చేతిల మిషన్ లేదు" అనేవాణ్ని. ఈ సంవాదం మా ప్రతి పనికీ ప్రార్థన లాంటిది. అది పూర్తయితేనే పని మొదలయ్యేది.

ఆ తొలకరిలో ఎల్బీ నగర్ దగ్గర ఒక చిన్న చర్చి నుంచి పాస్టర్ గారి భార్య మార్తమ్మ వచ్చింది. చర్చి ఆవరణలో ఒక నీలగిరి చెట్టు. మొదట్లోనే రెండుగా చీలి పెరిగింది: ఒక కాండం నిటారుగా, ఇంకొకటి చర్చి రేకుల మీదికి ఒరిగి. అంతకు ముందు వచ్చిన గాలివానకు ఒక కొమ్మ పడి రేకు పగిలింది.

"శనివారం మా ఆడబిడ్డ పెండ్లి సారూ. ఈ ఒరిగింది తీసేయుండ్రి. నిలువున్నది మాత్రం ముట్టొద్దు."

"రెండూ తీసేస్తె మీకు పరేషానే ఉండదు గదమ్మా."

"వద్దు సారూ. చర్చి లేనప్పుడు మా మామ ఈ చెట్టు కిందనే చాప పరిచి ప్రార్థన జేసేటోడు. ఊళ్లకెళ్లి కూలికొచ్చినోళ్లందరు ఈడనే కూసుండేది. నీడకు నిలువుదైన ఉండనియ్యుండ్రి."

అనుమతి కాగితం వచ్చాక ఒక ఉదయం వెళ్లాం. చెట్టును కొట్టి చూశాను, వేళ్లు చూశాను, గాలి చూశాను. నిలువు కాండం గట్టిగా ఉంది. రెండో తాడును దానికే పైన తగిలించాలని నిర్ణయించాను. ఒరిగిన కాండం రేకుల అంచు దాటాక పైన ప్రహరీ గోడ వైపు వంగి ఉంది; దాని తల భాగం పడాల్సింది చర్చికి పక్కన, ఆ గోడ వైపే. ఆ వైపు గోడ అవతల ఎదురింటి పెద్దమనిషి కారు ఉంది. తీయమని అడిగాను.

"ఏవండీ, చెట్టు మీ గోడకి అటుపక్క, కారు ఇటుపక్క. మధ్యలో గోడుందిగా!"

"చెట్టుకు గోడ కనబడదండీ."

"ఒక కొమ్మ కొట్టడానికి ఇంత హంగామా ఎక్కడా చూళ్లేదండీ బాబూ" అంటూనే ఆయన తాళంచెవుల కోసం లోపలికి వెళ్లాడు. కారు కదిలాకే సందుకు రెండు వైపులా తాడు కట్టి మనుషులను ఆపాం.

యాదయ్య మోకుకు మొక్కి, దాన్ని ఒరిగిన కాండానికి చుట్టాడు. రెండో తాడు వీపున తగిలించుకుంటూ యథాప్రకారం సణిగాడు.

"ఇది నీలగిరి బావా. కొమ్మ లేదు, రెమ్మ లేదు. తాడిచెట్టుకు చెల్లె లెక్కుంది. దీనికి గూడ రెండు తాళ్లేనా?"

"చెల్లెనో అక్కనో పైకి పోయినంక చెప్పు. తాడు మాత్రం కట్టు."

తాడిచెట్టులాంటిదే అన్న ఆ మాటలోనే ప్రమాదం దాగి ఉందని అప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తాడి కాండం నిండా విడివిడి పీచు. కోసేటప్పుడు అది తనంతట నిలువునా చీలదు. నీలగిరి కాండం ఎంత ఎత్తుంటే అంతదాకా చీలగలదు. ఒరిగిన కాండంలో పైపక్క కట్టె లాగిపట్టిన విల్లులా బిగుసుకుని ఉంటుంది. అలాంటిదాన్ని కోసేటప్పుడు ముందు అది పడే వైపున లోతైన గాటు తీయాలి. దాన్ని నాచ్ అంటారు. నోరు తెరిచినట్టు తగినంత లోతుగా నాచ్ ఉంటే, వెనుక నుంచి కోసినప్పుడు కాండం ఆ నోరు మూసుకుంటూ వంగి పడుతుంది. గాటు లోతు చాలకపోతే వంగడానికి చోటు ఉండదు. వెనుక కోత సగంలో ఉండగానే కాండం నిలువునా చీలిపోతుంది. మా పనిలో మనుషులను ఎక్కువగా మింగేది ఇదే.

యాదయ్యకు నాచ్ తెలుసు. వందలసార్లు తీశాడు. కాని గీత మనిషి చేతికి చిన్నప్పటి నుంచి ఒక శిక్షణ ఉంటుంది: గెలను పలచటి పొరగా మాత్రమే గీయాలి. కత్తి లోతుకు దిగితే గెల ఎండుతుంది, చెట్టు అలుగుతుంది. లోతుగా గీసేవాణ్ని మా ఊళ్లో మొరటోడు అని ఎగతాళి చేసేవారు. కొమ్మల చెట్టు మీద ఉన్నప్పుడు యాదయ్య చెయ్యి నా పాఠం వినేది. ఆ రోజు కొమ్మల్లేని నున్నటి కాండాన్ని చుట్టి, మోకు మీద వెనక్కి వాలగానే, అది తన నాయన పాఠం విన్నది. నాచ్ పలచగా తీశాడు. మూడంతస్తుల ఎత్తున ఉన్న ఆ గాటు లోతు కింద నిలబడ్డ నాకు కనబడలేదు.

వెనుక కోత మొదలైంది. రంపం పొట్టు ఆగి ఆగి రాలుతోంది. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. కాండం తల భాగం ముందుకు ఒరిగి, చెయ్యి చాచినట్టు ప్రహరీ గోడ మీద వాలింది. దాని ఆకుల గుబురు గోడ దాటి, ఇంతకు ముందు కారు ఉన్న చోటును కప్పేసింది. కాని తెగిపడలేదు. కోత దగ్గర నుంచి కిందికి, యాదయ్య నడుము దాటి ఇంకా కిందికి, కాండం రెండుగా చీలి మధ్యలో నోరు తెరుచుకుంది. ఆ చీలిన కాండం చుట్టూ మోకు ఉంది. మోకులో యాదయ్య ఉన్నాడు.

చీలిక తెరుచుకున్నకొద్దీ కాండం లావైంది. మోకు లావు కాలేదు. అది అతన్ని కట్టెకేసి నొక్కేసింది.

"మిషన్ బంద్!" అని అరిచాను.

బంద్ చేశాడు. ఆ స్థితిలోనూ బ్రేక్ వేసి, బంద్ చేసి, వదిలాడు. మిషన్ దాని తాడుకు వేలాడుతూ నిలిచింది. నేర్చిన పని చేతికి అబ్బితే ఎలా ఉంటుందో అక్కడ చూశాను.

"బావా... ఊపిరి..."

"మాట్లాడకు. సలీం, తాడు?"

"బిగువుగ ఉంది సార్. ఆయన బరువు మొత్తం నేను ఆపుత. మోకు వదిలితె చాలు."

మోకు వదలడానికి దాని ముడి యాదయ్య చేతికి అందేలా లేదు. కట్టెకూ పొట్టకూ మధ్య నలిగిపోయింది. మిగిలింది ఒక్కటే.

"యాదయ్యా! రంపం తియ్యి. మోకు కొయ్యి!"

తొడ దగ్గర చెయ్యి కదిలింది. చేతిరంపం బయటికి వచ్చింది. అక్కడితో ఆగింది.

"కొయ్యి!"

తల అడ్డంగా ఊపాడు.

గోడ మీద వాలిన తల భాగం గాలికి కొంచెం కదిలింది. చీలిక ఇంకొంచెం తెరుచుకుంది. యాదయ్య నోట్లోంచి మూలుగు తప్ప మాట రావడం లేదు. చర్చి అరుగు మీద మార్తమ్మ మోకరిల్లి కళ్లు మూసుకుంది. సలీం, రెండు చేతులతో తాడు పట్టుకుని, ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు: "యాదన్నా, నేను పట్టుకున్న, నీ మీద ఒట్టు, పట్టుకున్న. కొయ్యే, కొయ్!"

పైన యాదయ్య రంపం చేతిలో పట్టుకుని, తన నడుము మీది తాడును చూస్తున్నాడు. సలీంకు అది తాడు. మార్తమ్మకు అది తాడు. అతను ఎందుకు ఆగిపోయాడో ఆ ఆవరణలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. భయం కాదు. రెండో తాడు పట్టదన్న అనుమానమూ కాదు. కత్తి తాకరాదు, అంతే. వాళ్ల తాత చెప్పింది, మా తాత చెప్పింది. నాకు అప్పుడు నోటికి వచ్చిన మాట, మామూలు రోజైతే చచ్చినా అనని మాట.

"యాదయ్యా! మీ నాయిన మోకు గూడ తెగలేదు! పోగు గూడ తెగలేదు! మనిషే పోయిండు! కొయ్యి!"

అతను కిందికి చూశాడు. ముఖం నల్లబడిపోయింది. తర్వాత రంపం మోకు మీదికి వచ్చింది. ఒక లాగుడు, రెండో లాగుడు. మూడోదానికి మోకు రెండుగా విడిపోయింది. యాదయ్య ఒక్కసారిగా గాలిలోకి వచ్చి, రెండో తాడు మీద ఊగి, నిలువు కాండానికి భుజం కొట్టుకుని ఆగాడు. సలీం ఒక్క కుదుపు లేకుండా, పసిబిడ్డను దించినట్టు నేలకు దించాడు.

తెగిన మోకు ముక్కలు రెండూ అతని చేతిలోనే ఉన్నాయి. పడేయలేదు. మార్తమ్మ నీళ్లు తెచ్చింది. తాగలేదు.

"బావా, మోకు కోసిన" అన్నాడు. ఎవరినో చంపినవాడు ఒప్పుకున్నట్టుగా.

"మోకు పోతె పోయింది తమ్మీ. మనిషివి ఉన్నవ్" అంది మార్తమ్మ.

"నీకు తెల్వదక్కా" అని మాత్రం అన్నాడు.

దవాఖానలో ఫొటో తీస్తే పక్కటెముక ఒకటి బీటవేసిందని తేలింది. చీలిన చెట్టును మళ్లీ మనిషి ఎక్కరాదు గనుక, మర్నాడు తొట్టి ఉన్న లిఫ్టు బండి తెప్పించి, బయటి నుంచే మిగతా కాండం దించాం. శనివారం పెళ్లి నిలువు చెట్టు నీడలోనే జరిగింది. మా ముగ్గురికీ భోజనం పెట్టారు. ఎదురింటి పెద్దమనిషి నా పక్కనే కూర్చుని, "మీరు చెప్పింది నిజవేనండీ, చెట్టుకి గోడ కనబళ్లేదు" అని నాలుగుసార్లు అన్నాడు. యాదయ్య వచ్చాడు గాని, చెట్టు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఎముక అతుక్కుంది. మనిషి మాత్రం చెట్టెక్కలేదు. ఆ వానాకాలమంతా కింద నిలబడి, సలీంతో పాటు తాళ్లు చూశాడు. పైకి వేరేవాళ్లను పిలిపించేవాణ్ని. వాళ్లు ఎక్కుతుంటే యాదయ్య మెడ ఎత్తి చూసేవాడు. ఆ చూపు చూడలేక నేను నా పుస్తకంలో తల దూర్చేవాణ్ని. ఒక ఆదివారం బడంగ్‌పేటలో వాళ్ల ఇంటికి వెళ్లాను. మోకు ముక్కలు రెండూ గోడకు మేకుకు వేలాడుతున్నాయి. యాదయ్య భార్య అంజమ్మ చాయ్ ఇచ్చి, భర్తకు వినబడేలా నాతో అంది:

"అన్నా, గీ ముక్కలకు పొద్దుమాపు మొక్కుతుండు. నాకెన్నడన్న మొక్కిండా? గా తాడు కోసిండు కాబట్టే నా పుస్తె ఉంది. మొక్కాల్నంటె గా రంపానికి మొక్కాలె."

"నీకేం తెల్సే, కట్టు తప్పిన" అన్నాడు యాదయ్య.

"ఆఁ, నాకేం తెల్వదు. నీ కట్టు నిలబడితె నేను బొట్టు లేకుండ కూసుందును. గప్పుడు మంచిగుండునా?"

 యాదయ్య చాయ్ తాగుతున్నంతసేపూ గోడ వైపే చూశాడు. మర్నాడు పొద్దున్న షట్టర్ తెరవక ముందే వచ్చి నిలబడ్డాడు. సంచిలో మోకు ముక్కలున్నాయి. నేను ఎప్పుడో కొని మూలన పెట్టిన ఉక్కు లాన్‌యార్డ్ అడిగి తీసుకున్నాడు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గీత వాళ్ల దేవుణ్ని తలచుకుని, "కాటమయ్య తండ్రీ, గిది గూడ మోకే" అన్నాడు. ఉక్కు తీగను చేతిరంపం కోయలేదు గనుక, బిగుసుకున్నప్పుడు కూడా ఒక చేత్తో నొక్కి వదులు చేసే బిగింపు దానికి ఉంటుంది. ఆ బిగింపును ఆ రోజంతా వేసి తీసి, వేసి తీసి చూశాడు. ఆ వారంలోనే చెట్టెక్కాడు.

తర్వాతి ఏళ్లలో మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది మా వైపు గీత కుటుంబాల వాళ్లే. వాళ్లకు తాళ్లు, ముళ్లు, మిషన్, నాచ్ లోతు నేను చెప్పేవాణ్ని. నాచ్ దగ్గర మాత్రం, "పలచగ గీసిండంటే మొరటోడు ఆడే" అని యాదయ్య పాత ఎగతాళిని తిరగేసి చెప్పేవాడు. చివరి పాఠం పూర్తిగా అతనిదే. కొత్తవాణ్ని రెండో తాడుకు తగిలించి, నేలకు అడుగు ఎత్తున వేలాడదీసేవాడు. నడుముకు తన నాయన మోకు ముక్కను కట్టేవాడు. చేతికి రంపం ఇచ్చి, "కొయ్యి" అనేవాడు.

వాళ్లు తెల్లబోయేవారు. "అయ్యో, మోకును కోసుడేంది మామా?"

"ఈడ కొయ్యకుంటె ఆడ కొయ్యవు. చెయ్యికి అలవాటు కావాలె. కొయ్యి."

అలా ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క కోశారు. ఏ కత్తీ తాకరాదనుకున్న మోకు, మనిషి మనిషికీ కొంచెం కొంచెంగా తరిగిపోయింది. దాన్ని కోసిన వాళ్లు ఇప్పుడు ఈ నగరంలో చెట్లెక్కుతున్నారు. వాళ్లు పనిచేసే చోట నాకు కోపం రాదు. రెండో తాడు కనబడుతుంది.

నేను పని మానేసిన రోజున యాదయ్య నా ఇంటికి వచ్చాడు. జేబులోంచి జానెడు మోకు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మిగిలింది అంతే.

"గిది నీది బావా. అందరు కోసిండ్రు, నువ్వొక్కనివే కొయ్యలే."

"నేను చెట్టెక్కెటోణ్ని కాదు గద."

"మోకు ఎరిగినోనివే గద. కొయ్యి, జర చూస్త."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నవ్వుతూనే చేతిరంపం తీసుకున్నాను. నేల మీద నిలబడి ఉన్నాను. ఏ చెట్టూ చీలలేదు, ఊపిరికి ఏ అడ్డూ లేదు. ఎదురుగా చాయ్ కప్పులున్నాయి. ముక్కను బల్ల అంచుకు ఆనించి, రంపం దాని మీద పెట్టాను. చెయ్యి కదలలేదు. వనంలో మా నాయన గొంతు, రామస్వామి గొంతు, మంచులో ఎక్కడో పైనుంచి ఒకరినొకరు కేకేసుకుంటున్నట్టే అనిపించింది. యాదయ్య చూస్తూ కూర్చున్నాడు.

ఆ చర్చి చెట్టు గురించి నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి: జాతి, ఒరుగు, గాలి, నాచ్ లోతు, తాడు ఎవరి చేతిలో. రంపం చేతికి వచ్చాక అతను మోకు మీద ఎంతసేపు ఆగాడన్నది మాత్రం లేదు. అప్పుడు గడియారం చూడలేదు. రెండో తాడు కట్టుకోమని మనిషికి చెప్పగలం, కట్టించగలం. మొదటి తాడును వదలగలిగే చెయ్యి అతనికి ఉందో లేదో ముందే నేల మీద తెలుసుకోవాలి. ఆ చెట్టు నేర్పింది ఇదే.

చివరికి కోశాను. చాయ్ చల్లారిపోయింది.